వలస అనే మాటకు రెండు అర్థాలు

పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ 1963లో ప్రచురించిన 'ఎండలో మనుషులు' నవలికను మా చిత్తూరు సీమ పాఠకుడు పరాయి కథగా చదవలేడు. అబూ ఖైస్, అస్సద్, మర్వాన్ అనే ముగ్గురు పాలస్తీనీయులు దొంగదారిన కువైట్ చేరడానికి ఖాళీ నీళ్ల ట్యాంకరులో దాక్కుంటారు. సరిహద్దు కచేరీలో గుమాస్తాలు డ్రైవరుతో పరాచికాలాడుతూ ఆలస్యం చేస్తారు. ఆ కాసేపట్లోనే ముగ్గురూ ఊపిరాడక చచ్చిపోతారు. పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్ పోయినవాళ్లను ఎరిగినవాణ్ణి గనుక, మొదటిసారి చదివినప్పుడు ఇది మన కథే అనుకున్నాను.

అది పొరపాటు. ఆ పొరపాటులో మన భాషకూ వాటా ఉంది. కూలికి పోవడాన్నీ వలస అంటాం, పరాయి నేలను ఆక్రమించడాన్నీ వలస అంటాం. అప్పులున్నా, బోర్లు ఎండినా, మనవాడు తిరిగి రావడానికి ఊరుంది. అబూ ఖైస్‌కు లేదు. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. ఇంగ్లీషువాడికి మన శిస్తూ, వేరుశనగా కావాలి, అందుకు రైతు బతికుండాలి. స్థిరనివాస వలసవాదానికి కావలసింది భూమి. దానిమీద మనిషే దానికి అడ్డు. శరణార్థులు తిరిగి వెళ్లాలన్న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం 1948 నుంచీ కాగితం మీదే మిగలడానికి మూలం ఇక్కడుంది.

చివర డ్రైవరు, గోడలు ఎందుకు తట్టలేదని చచ్చినవాళ్లనే నిలదీస్తాడు. ఇది రచయిత తీర్పు అనుకుంటే నవలను తప్పు చదివినట్టే. శవాలను చెత్తకుప్ప దగ్గర పడేసి, జేబుల్లో డబ్బూ, మర్వాన్ చేతి గడియారమూ తీసుకున్నవాడు వేసే ప్రశ్న అది. 1948 యుద్ధంలో మగతనం కోల్పోయిన ఆ డ్రైవరులో ఓడిన నాయకత్వం కనిపిస్తుంది. 1972లో తౌఫీక్ సాలే తీసిన సినిమాలో వాళ్లు గోడలు బాదుతారు, ఏసీల హోరులో ఎవరికీ వినపడదు. నవల మౌనాన్ని ప్రశ్నించింది, సినిమా చెవుడును ప్రశ్నించింది. అదే ఏడాది జులై 8న బేరూత్‌లో కారుబాంబు 36 ఏళ్ల కనఫానీని చంపింది.

ఆ చెవుడు ఇప్పుడు మనదాకా వచ్చింది. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, వాళ్ల చోట భవన నిర్మాణానికి మన దేశం నుంచి మనుషులను పిలిచింది. 2024 మేలో హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. వలస అనే మాటకున్న రెండు అర్థాలూ ఒకే పరంజా మీద కలిశాయి. పోయే కూలీని నేను తప్పుపట్టను. ఒకడి ఆకలితో ఇంకొకడి కూలిని కొట్టే ఏర్పాటునే తప్పుపడతాను.

పాలస్తీనా ప్రజల రాజకీయ భవిష్యత్తు సరిహద్దు గీతలతో తేలేది కాదు, తిరిగి వచ్చే హక్కుతో తేలాలి. కరువునూ, కక్షలనూ, కువైట్ ఉత్తరాలనూ రాసిన రాయలసీమ కథకుడు ఇక ఈ పరంజా కథ కూడా రాయాలి. గోడల మీద చప్పుడు వినిపిస్తూనే ఉంది.