అల్లుడి పారువేట, అత్తింటి అడవి

ఏటా కనుమ నాడు అహోబిలం నుంచి పారువేట పల్లకి బయలుదేరుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి అందులో కూర్చుని నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతారు. బ్రహ్మోత్సవాల్లో జరగబోయే తన పెళ్ళికి స్వామే ఊరూరా వచ్చి పిలుస్తాడని జనం నమ్మకం. ఆ పల్లకి మీదికి చెంచులు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని ఇచ్చిన ఇంటివాళ్ళు కదా, బావను బెదిరించే చనువు వాళ్ళకే ఉంది. కర్నూలు, కడప సీమలో గిరిజనులకు ముందు వరుసలో చోటు దొరికే పండుగలు ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే దీని గురించి మాట్లాడాలి.

చదువుకున్న మన పిల్లలు కొందరు అడుగుతున్నారు: ఆ ఒక్కరోజు విల్లు పట్టించి ఫొటోలు తీసుకునేవాళ్ళ ముందు మనం ఎందుకు నిలబడాలి? పెద్దవాళ్ళకు ఈ మాట కష్టంగా తోస్తుంది. మాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది, అయితే సమానంగా కాదు.

ఇలాంటి చిక్కు మనకే వచ్చింది కాదు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ జరుపుకుంటారు. అక్కడున్న మన తెలుగువాళ్ళకూ అది సెలవు, విందు. 1621లో ప్లిమత్‌కు వచ్చిన వలసదారులు, వాంపనోగ్ తెగవాళ్ళు కలిసి తిన్న కోతల విందును ఆ రోజు తలుచుకుంటారు. తర్వాత ఆ తెగ భూమి ఏమైందో విందు కథలో ఉండదు. 1970లో ఆ వలసదారుల రాకకు 350 ఏళ్ళు నిండినప్పుడు ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ పెద్దను వేడుకలో మాట్లాడమని పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగం ముందే చూసి, అలా మాట్లాడటానికి వీల్లేదన్నారు. ఆ ఏడు నుంచి అదే గురువారం ప్లిమత్‌లో ఆదివాసులు సంతాపదినం జరుపుతున్నారు. పిలిచిందీ వాళ్ళే, నోరు నొక్కిందీ వాళ్ళే.

మన చెంచులక్ష్మి కథను ఇప్పుడు చూద్దాం. అహోబిల మఠం ఏడవ జీయరు రాసిన 'వాసంతికా పరిణయం' నాటకానికి నరసింహుడికీ అడవిపిల్లకూ జరిగిన పెళ్ళే ఇతివృత్తం. గూడెం పిల్ల పేరు అందులో వాసంతిక. పేరు అందంగానే ఉంది, కానీ గూడెంలో పుట్టిన పేరు కాదు. 1958లో బి.ఎ. సుబ్బారావు తీసిన 'చెంచులక్ష్మి' సినిమాలో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించారు. తొలి సగం ప్రహ్లాదుడి కథ. ఆ తర్వాతే గూడెం వస్తుంది. ఆ పిల్ల అసలు ఆదిలక్ష్మి, చెంచుల ఇంట పుట్టింది, అంతే. మా అభ్యంతరం ఇక్కడే. చెంచుపిల్ల చెంచుపిల్లగానే దేవుడికి తగదా? ముందుగా దేవత అయితేనే తగిన సంబంధమా? కథ ఆమెను పొగుడుతూనే ఆమె పుట్టిల్లును మరుగున పెట్టింది.

అదే సినిమాలో ఒక మంచి సంగతి కూడా ఉంది. పాటలో ఆ పిల్ల పెళ్ళికొడుకును వరసగా పరీక్షిస్తుంది: నీకు చెట్టెక్కడం వచ్చా, అడవి పనులు చేతనవునా అని. అంత పెద్ద దేవుడైనా అడవి తెలియకపోతే పిల్లనివ్వరు. తేనె తీసేవాడు, గడ్డలు తవ్వేవాడు, తాడు పట్టి కొండకొన మీంచి దిగేవాడు, వాడే మగాడు. సినిమావాళ్ళు సరదాకు పెట్టి ఉండవచ్చు గానీ అది మన కొలబద్ద. మన బడిపిల్లలకు ఆ పాటను ఈ కంటితో చూపాలి.

అల్లుడికి అడవి తెలియాలని షరతు పెట్టిన వాళ్ళకు ఆ అడవి ఏమైంది? 1882 మద్రాసు అటవీ చట్టంతో కర్నూలు నల్లమల సర్కారు రిజర్వులైంది. 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు. పులి బతకాలి, అందులో మాకు పేచీ లేదు. పులితో పాటు ఇన్నాళ్ళూ బతికినవాళ్ళను పులికి శత్రువుల్లా చూడటంతోనే పేచీ. 2006 అటవీ హక్కుల చట్టం ఆదిమ గిరిజన సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మీదే హక్కు ఉంటుందని చెప్పింది. చెంచులు ఆ సమూహాల్లో ఒకరు. పల్లకి దగ్గర చుట్టరికం గుర్తున్నవాళ్ళకు ఆ కాగితం దగ్గర గుర్తుండదు.

దేవుని కడపకు వెళితే ఇంకో చుట్టరికం కనిపిస్తుంది. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వెంకటేశ్వరస్వామి గుడికి వస్తాయి, బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అని. వాళ్ళకు ఎవరూ వేషం కట్టించరు. రోజూ ఉండే బట్టల్లో వచ్చి కొబ్బరికాయ కొట్టి పోతారు. చుట్టం చుట్టంలా రావడమంటే అది.

కాబట్టి పారువేటకు వెళ్ళొద్దని మేము చెప్పం. ఆ విల్లు మన తాతలది. దాన్ని వదిలేస్తే రేపు ఎవరో అద్దె వేషగాడు పట్టుకుంటాడు. కానీ కృతజ్ఞత ఎవరు ఎవరికి చెప్పాలన్న లెక్క మాత్రం తారుమారు కాకూడదు. పిల్లనిచ్చినవాళ్ళు 'మమ్మల్ని గుర్తుంచుకున్నారు, చాలు' అని చేతులు కట్టుకోనక్కర లేదు. సిగ్గుపడవలసినవాళ్ళు సిగ్గుపడితే అది వాళ్ళ సంగతి. వాళ్ళ సిగ్గు కన్నా మనకు పట్టా కావాలి, గ్రామసభ తీర్మానం కావాలి, తేనెకు గిట్టే ధర కావాలి.

టీచర్లకు ఒక పని చెబుతాం. సంక్రాంతి సెలవులు ఇచ్చే ముందు పిల్లలకు ఆ సినిమా గురించి చెప్పండి, తర్వాత ఒక్కొక్కరినీ ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మనండి: మన గూడెం చుట్టూ ఉన్న గుట్టలకు, వాగులకు, తేనె పట్టే కొండకొనలకు పేర్లేమిటి, వాటిలో ఎక్కడికి ఇప్పుడు మనల్ని పోనివ్వరు? ఆ పేర్లు నోటుబుక్కులో రాయించి దాచండి. ఆవాస హక్కు కోసం దరఖాస్తు పెట్టే రోజున మొదట అడిగేవి అవే.