పేటల్లో ప్రార్థన - మన విమర్శ

మతాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మన అభ్యుదయ విమర్శ రెండు మాటలతో సరిపెట్టుకుంటున్నది. మతం మత్తుమందు అన్నది ఒకటి. క్రైస్తవం వలస పాలకుల వెంట వచ్చింది అన్నది రెండోది. రెండింటిలోనూ సత్యం లేకపోలేదు. కాని బందరు, గుడివాడ, విజయవాడ పేటల్లోనూ, కృష్ణ సముద్రంలో కలిసేచోట నాగాయలంక పల్లెల్లోనూ ఆదివారం ప్రార్థనకు కూర్చునే కూలిమనిషి ఈ రెండు మాటల్లో ఇమడడు. అతన్ని చిత్రించిన సాహిత్యమూ ఇమడదు.

ముందు చరిత్ర చూద్దాం. చర్చి మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కళాశాల అయింది. అగ్రవర్ణాల పిల్లల్ని ఇంగ్లీషు చదువు ద్వారా క్రీస్తు వద్దకు తేవాలన్నది ఆయన ఉద్దేశం. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెంట వస్తారని లెక్క. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. లెక్క తప్పింది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు తనంతట తానే మిషనరీని వెతుక్కుంటూ పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనుక పల్లెలు కదిలాయి. "మతం మార్చారు" అనే వాక్యంలో కర్త ఎవరన్న ప్రశ్న ఇక్కడ లేస్తుంది. వెంకయ్యను ఎవరూ మార్చలేదు. ఆయనే మారాడు.

ఈ కర్తృత్వాన్ని మన విమర్శ గుర్తించిందా? జాషువా విషయం చూడండి. 1941లో వచ్చిన "గబ్బిలం" మనకు ఆత్మీయమైన కావ్యం. అందులో అరుంధతీసుతుడు కాశీలోని శివుడికి సందేశం పంపుతాడు. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. ఆ వ్యంగ్యం మనకు తెలుసు. అదే కవి రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన "క్రీస్తు చరిత్ర"ను మాత్రం మతగ్రంథమని పక్కన పెట్టాం. ఒకే గుండె నుంచి వచ్చిన రెండు కావ్యాల్ని విడదీసి, ఒకటి ప్రజలకిచ్చి మరొకటి చర్చికి వదిలేశాం. దరిద్రుల మధ్య తిరిగి, పాలకుల చేతిలో శిలువనెక్కినవాడి కథ వెలివాడలో పుట్టిన కవిని ఎందుకు పట్టుకున్నదో అడగడం విమర్శ పని కాదా?

జి. కల్యాణరావు "అంటరాని వసంతం" (2000) ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది. కరువులో బకింగ్‌హాం కాలువ పనికి పోయిన శివయ్యకు అక్కడా అంటరానితనమే ఎదురవుతుంది. తర్వాత అతడు సీమోను అవుతాడు. రచయిత విప్లవ శిబిరానికి చెందినవాడు, మత ప్రచారకుడు కాడు. అయినా ఆ మార్పును మోసంగానూ చూపలేదు, మోక్షంగానూ చూపలేదు. ఆకలికీ అవమానానికీ మధ్య మనిషి తీసుకున్న నిర్ణయంగా చూపాడు. కథను అక్కడ ఆపకుండా తర్వాతి తరాల పోరాటం దాకా నడిపాడు. నవల బలం అక్కడే వుంది.

దీని అర్థం చర్చిని నెత్తిన పెట్టుకోమని కాదు. చర్చి గడపలో కులం చెప్పులు విడవలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అన్న మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చర్చి పెద్దలే చెప్పాలి. రాజ్యమూ తక్కువ తినలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గాని, క్రైస్తవ దళితులకు కాదు. అందుకే ప్రార్థనలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు, కులం చూసి కొడతాడు. రక్షణ కోరినప్పుడు మాత్రం మతం అడుగుతారు! రెండు పేర్ల మధ్య నలిగే ఈ మనిషి కన్నా గొప్ప కథావస్తువు ఏముంది?

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఉప్పెనను పాపానికి శిక్ష అని బోధిస్తే అది నిస్సందేహంగా మత్తుమందే. ఆ తర్వాత తీరంలో తుఫాను రక్షణ భవనాలు కట్టించిన సంస్థల్లో చర్చిల సహాయ సంస్థ కాసా కూడా వుంది. విశ్వాసం ఒకచోట మనిషిని తలవంచమంటుంది, మరోచోట తల మీద కప్పు వేస్తుంది. ఈ రెండింటి తేడా చెప్పలేని విమర్శ శాస్త్రీయమని ఎలా అనిపించుకుంటుంది?

మనం వేయవలసిన ప్రశ్న "వాడెందుకు మతం మారాడు?" అన్నది కాదు. ఆ ప్రార్థన వాణ్ని కూలి రేటు అడగనిస్తున్నదా, నోరు మూయిస్తున్నదా? పక్క పేటవాడితో కలుపుతున్నదా, విడదీస్తున్నదా? ఈ గీటురాయి మీద బోధకుణ్ణీ, కవినీ, విమర్శకుణ్ణీ కూడా గీసి చూడాలి. నాగాయలంక రేవులోనూ, బందరు పేటల్లోనూ జవాబులు ఎదురుచూస్తున్నాయి. మన కథకులు అక్కడికి వెళ్లాలి. విమర్శకులు వాళ్లకన్నా ముందు వెళ్లాలి.