హెరాల్డ్ కింద కావడిబద్ద

హెరాల్డ్ కారును మెచ్చుకునేవాళ్లు ముందు దాని బానెట్‌నే మెచ్చుకుంటారు. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగమంతా ఒక్క పట్టున ముందుకు వాలిపోతుంది. ముందు టైరు మీదే కూర్చుని ఇంజన్ పని తీరిగ్గా చేసుకోవచ్చు. ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి గీసిన గీతలు ఇప్పటికీ కంటికి ఇంపుగానే ఉంటాయి. నన్ను అడిగితే మాత్రం ఈ కారులో అసలు చూడాల్సింది వెనక చక్రాల మధ్య, నేలకు దగ్గరగా, మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. డిఫరెన్షియల్ నెత్తిమీద అడ్డంగా కూర్చున్న కమాను పట్టీల కట్ట అది. ఈ బండికి చెడ్డపేరు తెచ్చిందీ అదే, తర్వాత గొప్ప పనితనం చూపించిందీ అదే.

ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చింది. 1961 నుంచి మద్రాసు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్లు దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మనకు తయారుచేసి ఇచ్చారు. ఛాసిస్, బాడీ కలిసిపోయిన కార్లు అప్పటికే మామూలైపోతున్నా హెరాల్డ్‌కు పాత పద్ధతిలో విడి ఛాసిస్ వేశారు. బాడీని ముక్కలుగా చేసి దానిమీద బోల్టులతో బిగించారు. పైకప్పు కూడా బోల్టుల మీద నిలిచిందే. బలమంతా కిందే ఉంది కాబట్టి కప్పు లేని హెరాల్డ్ చేయడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1960 నుంచే కన్వర్టిబుల్ అమ్మారు. 1962లో ఇదే ఛాసిస్‌ను కురచ చేసి స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల ఓపెన్ కారు తెచ్చారు. ఈ బంధుత్వం గుర్తుంచుకోవాలి. స్పిట్‌ఫైర్‌కు చేసిన బాగు హెరాల్డ్‌కు పనికొచ్చేది అందువల్లే.

ముందు చక్రాల ఏర్పాటుకు ఆ ధర కారులో వంక పెట్టలేం. పైనొకటి కిందొకటి విష్‌బోన్లు, నిలువుగా కాయిల్ స్ప్రింగు, ర్యాక్ స్టీరింగ్. 25 అడుగుల వలయంలో బండి వెనక్కి తిరుగుతుంది. డబ్బూ ఓపికా అక్కడే అయిపోయాయి కాబోలు, వెనక మాత్రం స్వింగ్ యాక్సిల్‌తో సరిపెట్టారు. ఎడ్మండ్ రుంప్లర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు 1903లోనే పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కు బిగించి అటొకటి ఇటొకటి షాఫ్టులు వేస్తారు. షాఫ్టుకు కీలు లోపలి కొసనే ఉంటుంది. బయటి కొసన చక్రం షాఫ్టుకు నిలువుగా బిగిసి ఉంటుంది కాబట్టి, షాఫ్టు ఎటు వంగితే చక్రం అటు ఒరగాల్సిందే.

తిన్నని రోడ్డు మీద దీని గుణం బయటపడదు. మలుపులో బయటివైపు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకున్నప్పుడు, ఆ పక్కబలం షాఫ్టు వెంట లోపలికి నెట్టి బండి వెనక భాగాన్ని పైకి లేపుతుంది. వెనక లేస్తే షాఫ్టు కిందికి వాలుతుంది, చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. పట్టు సగం పోతుంది. అదే క్షణంలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు జరిగి వెనక ఇంకా లేస్తుంది, తోక తిరిగిపోతుంది. చాలామంది బండిని బాగుచేయడం వెడల్పు టైర్లతో మొదలుపెడతారు. ఈ కారుకు అది చేటు. టైరు పట్టు పెరిగిన కొద్దీ పైకి లేపే బలమూ పెరుగుతుంది. మంచి టైరు ఇక్కడ జబ్బును ముదరబెడుతుంది.

ఈ తలనొప్పి ట్రయంఫ్ ఒక్కదానిదే కాదు. అమెరికాలో షెవర్లే కోర్వైర్ మొదట్లో ఇదే పద్ధతిలో వచ్చింది. 1964లో దానికి అడ్డ కమాను ఒకటి తగిలించి, 1965లో వెనక సస్పెన్షనంతా మార్చేశారు. కార్ల భద్రత మీద రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం ఆ కారును దుమ్మెత్తిపోసింది ఆ ఏడాదే. మెర్సిడెస్ 300 ఎస్ఎల్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1954లో వచ్చిన రెక్కల తలుపుల కారుకు కీళ్లు ఎత్తున ఉన్న స్వింగ్ యాక్సిల్ వేశారు, చెయ్యి తిరిగిన డ్రైవర్లే దానితో జాగ్రత్తగా ఉండేవాళ్లు. 1957లో దాన్నే కప్పు లేని రోడ్‌స్టర్‌గా మార్చినప్పుడు కీలును కిందికి దించి, రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక సర్దుబాటు స్ప్రింగు పెట్టారు. ఆ కంపెనీ పరిశోధన కేంద్రం ఒకటి ఇవాళ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంది, అక్కడ మన తెలుగు పిల్లలూ పనిచేస్తున్నారు. ఏ చక్రం ఎంత ఒరుగుతుందో కంప్యూటర్ తెరమీద ముందే చూసుకునే వీలు వాళ్లకుంది. హెరాల్డ్ కాలంలో అది మలుపులోకి వెళ్లాకే తెలిసేది.

మన మద్రాసు కంపెనీ చేసింది వేరు. అడ్డ కమాను మీద కొనేవాళ్లకు నమ్మకం కుదరడం లేదని, 1972లో తెచ్చిన గజెల్ మోడల్‌లో స్వింగ్ యాక్సిల్ మొత్తం తీసేసి మామూలు బిగువు యాక్సిల్ వేసేశారు. వ్యాపారానికి అది తెలివైన పనే. ఇంజనీరింగ్ మాటకొస్తే మాత్రం నా ఓటు కోవెంట్రీలో ట్రయంఫ్ వాళ్లు చేసినదానికే. వాళ్లు స్వింగ్ యాక్సిల్‌ను తీసేయలేదు. కమాను కట్టు ఒక్కటి వదులు చేశారు.

అదెలాగో చెప్పాలంటే కావడి కావాలి. హెరాల్డ్ వెనక కమాను అచ్చంగా కావడిబద్దే. నడుమ డిఫరెన్షియల్ భుజం, రెండు కొసలా రెండు చక్రాలు. కావడి మోసేవాడు బద్దను భుజం మీద ఊరికే ఆనిస్తాడు, ఒకవైపు లేస్తే రెండోవైపు దిగుతుంది, మనిషి మాత్రం నిలకడగా నడుస్తాడు. హెరాల్డ్‌లో పట్టీలన్నిటినీ కలిపి స్టడ్లతో డిఫరెన్షియల్‌కు బిర్రుగా బిగించారు, అంటే బద్దను భుజానికి మేకులు కొట్టి దిగ్గొట్టినట్టు. బండి ఒరిగినప్పుడల్లా కమాను ఆ ఒరుగుడుతో పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటలో లోపలి చక్రం తేలికపడి భారమంతా బయటి చక్రం మీద పడుతుంది. వెనక భాగం లేచేది అందుకే.

1970 స్పిట్‌ఫైర్ మార్క్ ఫోర్‌లో పట్టీల్లో ఒక్కదాన్ని మాత్రమే డిఫరెన్షియల్‌కు బిగించారు. మిగతావాటిని ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టె నడుమ ఇరుసు మీద అటూ ఇటూ ఊగేలా చేశారు. స్వింగ్ స్ప్రింగ్ అన్నారు దాన్ని. అంతే మార్పు. కానీ దాని ఫలం చూడండి. రెండు చక్రాలూ ఒక్కసారి లేచినప్పుడు, అంటే హంపు ఎక్కినప్పుడో డిక్కీలో సామాను వేసినప్పుడో, కమాను మునుపటి బలంతోనే మోస్తుంది. బండి పక్కకు ఒరిగినప్పుడు మాత్రం పెట్టె ఊగిపోయి పెనుగులాట మానేస్తుంది. ఒకే స్ప్రింగులో బరువు మోసే గుణం ఉంచి, ఒరుగుడును అడ్డుకునే గుణం తీసేయడం మాటలు కాదు. దీనికి వెనక అదనంగా ఇంకో స్ప్రింగు అక్కర్లేదు, ఇంకో కడ్డీ అక్కర్లేదు, ఒక ఇరుసు చాలు. ఆ ఇరుసుకు నేను దండం పెడతాను.

వెనక వదిలిన పనిని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి కదా, లేకపోతే బండి పడవలా ఊగుతుంది. అందుకే ముందు యాంటీ రోల్ బార్‌ను లావు చేశారు. ఒరుగుడును ముందు ఆ బారు ఆపుతుంది, వెనక చక్రాలు రెండూ నేలమీద నిలుస్తాయి. 1973 మోడల్ నుంచి షాఫ్టులు ఒక్కో అంగుళం పొడుగయ్యాయి. వెనక ఎత్తు కూడా కొంత తగ్గించి, ఖాళీ బండిలోనే చక్రాల పైభాగం లోపలికి వాలి ఉండేలా చూశారు. వెనకనుంచి చూస్తే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. చక్రం లోపలికి ముడుచుకోవాలంటే ముందు ఆ వాలు దాటి రావాలి.

హెరాల్డ్ మీద ఈ పని ఎత్తుకునేవాళ్లు ఈ జోడీని విడదీయకూడదు. కమాను మార్చి పాత సన్న బారునే ఉంచితే బండి ఒరుగుతూనే ఉంటుంది. బారు లావు చేసి కమాను వదిలేస్తే వెనక జబ్బు అలాగే ఉంటుంది. పొడుగు షాఫ్టులు వేస్తే మడ్‌గార్డు అంచుకు టైరు తగలకుండా చూసుకోవాలి. పాత కమానే అయినా పట్టీలు విడదీసి, తుప్పు గీకి, కొసల్లోని రబ్బరు బొత్తాలు కొత్తవి వేస్తేనే కదులుతుంది. పట్టీలు ఒకదాన్నొకటి పట్టేసుకుంటే ఆ రాపిడి కూడా బిగువు కిందే లెక్క.

వైట్‌ఫీల్డ్ రోడ్ల మీద ఈ లెక్కలన్నీ బయటపడతాయి. తెలుగువాళ్లకు ఈ ఊరు ఒకప్పుడు కాడుగోడిలోని సత్యసాయి బృందావనం, ఇప్పుడు ఐటీపీఎల్ టెక్ పార్కు. అంతకుముందు 1882లో మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్ల కోసం డి.ఎస్. వైట్ పూనికతో వెలసిన పల్లె ఇది. పాత ఊరి నడుమ ఇన్నర్ సర్కిల్ గుండ్రంగా తిరుగుతుంది, చుట్టూ ఔటర్ సర్కిల్. స్వింగ్ యాక్సిల్ కారుకు ఇంతకంటే మంచి అద్దం దొరకదు. వేగం అక్కర్లేదు, అదే మలుపును ఆపకుండా తిప్పితే బయటి చక్రం ఎలా నిలబడిందో వెనక నిలబడి చూసేవాడికి తెలిసిపోతుంది. అక్కణ్నుంచి బయటికొస్తే హంపులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలత ప్రకారం హంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే చక్రం నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగాలి. మన వీధుల్లో ఆ వెడల్పు మరిచిపోయి ఎత్తు ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు. రేసు కారులా కనిపించాలని స్ప్రింగులు కోసి బండిని దించినవాళ్లకు కింద సైలెన్సర్ మిగలదు.

ఈ వైట్‌ఫీల్డ్ రోడ్డు మీదే రైలింజన్లు చేసే సాన్ ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ ఓపెన్ కార్ల మీద మోజుపడి, ఫైబర్‌గ్లాస్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజన్‌తో సాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల కారు చేసింది. మనదేశంలో అలాంటి ధైర్యం చేసినవాళ్లు చాలా తక్కువ. కప్పు లేని కారు ఏదైనా మన రోడ్డు పెట్టే పరీక్ష ఒకటే. హంపు దెబ్బ పైకప్పు పంచుకోదు కాబట్టి విండ్‌షీల్డ్ ఫ్రేము వణుకుతుంది, తలుపు సందు కదులుతుంది. హెరాల్డ్‌లో అయితే ముందు ఛాసిస్ పక్కచేతులు తట్టి చూడాలి. అవి తుప్పుపట్టాయంటే తలుపు కింద సందు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా కనిపిస్తుంది. ఛాసిస్‌కూ బాడీకీ నడుమ ఉండే రబ్బరు ప్యాడ్లు ఎండిపోయి ఉంటే కొత్త షాక్ అబ్జార్బర్లు వేసినా డబ్బు దండగ. కదిలిపోయే పునాది మీద సస్పెన్షన్‌ను సరిచూసినవాళ్లు ఎవరూ లేరు.

సస్పెన్షన్ కీళ్లలో ఉండే బుష్‌ల దగ్గర ఒక వాదన ఉంది. రబ్బరు తీసేసి పాలీయురెథేన్ వేస్తే స్టీరింగ్ చురుగ్గా పలుకుతుంది, నిజమే. అన్నిచోట్లా వేస్తే మాత్రం రోడ్డు మీది ప్రతి రాయీ సీట్లోకి వచ్చి పలకరిస్తుంది. చక్రం దిక్కును నిర్ణయించే చోట గట్టివి వేసుకోవాలి. అంటే స్టీరింగ్ ర్యాక్ పట్టీలు, ముందు కింది విష్‌బోన్. కుదుపు మోసే బాడీ ప్యాడ్ల దగ్గర రబ్బరే ఉంచాలి. రబ్బరు బుష్ వేసేటప్పుడు ఒక నియమం పాటించాలి. బండి జాకీ మీద ఉండగా నట్టు బిగించేయకూడదు. నేలమీద దించి, చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే బుష్ పుట్టుకతోనే మెలితిరిగి ఉంటుంది, ఆరునెలలకే చిరుగుతుంది. ఈ చిన్న ఆగుడు తెలిసిన మేస్త్రీ చేతికి నేను ఏ బండైనా ఇస్తాను.

ముందు చక్రం కింద ట్రనియన్ అని ఇత్తడి జాతి ముక్క ఉంటుంది. నిలువు లింకు మరలు దానిలోనే తిరుగుతాయి, కుడివైపుదానికి కుడి మర, ఎడమవైపుదానికి ఎడమ మర. అక్కడ పోయాల్సింది గేర్ ఆయిల్, ఈపీ 90. అలవాటు కొద్దీ గ్రీజు కొడితే అది లోపల గడ్డకట్టి నూనెను రానివ్వదు. మరలో తడి ఆరి తుప్పు పడుతుంది, ఏదో ఒకరోజు లింకు తెగి చక్రం పక్కకు పడిపోతుంది. నూనె పైన రబ్బరు సీలు దగ్గర కొత్తగా ఊరేదాకా పోసి ప్లగ్ బిగించాలి.

చివరగా టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం. వెనక చక్రాల దిశను నిలబెట్టేది రేడియస్ ఆర్మ్, దాని బ్రాకెట్ వెనక సన్నటి షిమ్ములు. నాలుగు స్టాండ్లు పెట్టి బండికి రెండు పక్కలా దారం సమాంతరంగా లాగి, ప్రతి రిమ్ము ముందు అంచుకీ వెనక అంచుకీ దూరం స్కేలుతో కొలుస్తారు. డ్రైవర్ సీటులో మనిషి బరువు ఉండాలి, ట్యాంకులో పెట్రోలు ఉండాలి. స్వింగ్ యాక్సిల్‌లో ఎత్తు మారితే క్యాంబర్, అంటే చక్రం వాలు, మారుతుంది, దానితోపాటు ఈ కొలతా జరుగుతుంది. లేజర్ యంత్రం ఉన్న షాపులోనైనా ఇదే జాగ్రత్త కావాలి. దారం సరిపోయాకే టైర్ల కొట్టుకు పోవాలి. హెరాల్డ్ 13 అంగుళాల రిమ్ముకు పాత వ్యాగన్ ఆర్ టైరు 145/80 ఆర్13 చాలు, ఆ సైజు ఏ టైర్ల కొట్టులోనైనా దొరుకుతుంది.