కామ్‌చోర్, సోయి లేనోడు

ఈ వారం సిటీ పేజీ నిండా ఒకటే మాట. లిఫ్టు ఆగినా నిర్లక్ష్యం, డ్రైవర్ కునుకు తీసినా నిర్లక్ష్యం, మార్కుల మెమోలో పేరు తప్పు పడినా నిర్లక్ష్యం. పత్రికా భాష మీద నా పాత పోరు మీకు తెలిసిందే. మళ్లీ మొదలుపెడుతున్నాను.

మనకు మాటలు లేకనా? మనసు మరోచోట ఉంటే పరాకు. క్షణం కన్ను తప్పితే ఏమరుపాటు. చెప్పింది లెక్కచేయకపోతే పెడచెవిన పెట్టడం. అసలు రాకపోతే డుమ్మా. పురోహితుడు సంకల్పం చదువుతుంటే చివర్లో 'మమ' అనేసి ఊరుకున్నట్టు, పని పైపైన కానిచ్చేస్తే మమ అనిపించడం. కాంటొనీస్ వాళ్లు పని తప్పించుకు తిరిగేవాణ్ని 'సే వాంగ్', అంటే పాముల రాజు, అంటారు. మనం పనిదొంగ అంటాం. హైదరాబాదులో అయితే కామ్‌చోర్.

ఈ మాట నేను మా పెదనాయిన నోట నేర్చుకున్నాను.  సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో, ప్రెస్ షాపులో ఆయన ఫోర్‌మన్. రేకు కోసే ప్రెస్సు కింద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసినవాడు. టీ పేరు చెప్పి షిఫ్టులో మాయమయ్యేవాడు ఆయనకు కామ్‌చోర్. మిషన్ ముందు నిలబడి కూడా ఎటో చూసేవాడు 'సోయి లేనోడు'. మొదటివాణ్ని అందరి ముందే తిట్టేవాడు. రెండోవాణ్ని పల్లెత్తు మాట అనకుండా మిషన్ దగ్గర్నుంచి పక్కకు తీసుకెళ్లి, "రాత్రి నిద్రవోయినవా బిడ్డా? ఇంట్ల ఏమన్న అయిందా?" అని అడిగేవాడు. ఆ పూటకు సామాను మోసే పని అప్పగించేవాడు. ఇద్దరికీ ఒకే పేరు పెట్టి ఉంటే ఆ షాపులో ఇంకొన్ని వేళ్లు పోయేవి.

కాబట్టి పత్రికలు కూడా మాటను తూచి వాడాలని రాయబోయాను. ఇంతలో మా పక్క వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసి వదిలేసి పోయారు. చుట్టూ అడ్డు లేదు, ఎర్రగుడ్డ లేదు. అడిగితే వచ్చిన జవాబు: "ఏమరుపాటు సార్." నాకిష్టమైన మాటే. కానీ అక్కడ తప్పింది ఒక క్షణం చూపు కాదు. మూత తీసినవాడు, పని చూడాల్సినవాడు, బిల్లు పాస్ చేసినవాడు, ఎవరూ తమ పని చేయలేదు. ఆ మెత్తని మాట వాళ్లందరినీ కాపాడుతుంది.

చట్టం ఆ అవకాశం ఇవ్వదు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతి 304-ఎ కింద గరిష్ఠంగా రెండేళ్ల జైలు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అది ఐదేళ్లకు పెరిగింది.

అలసిన కార్మికుడి గురించి మాట్లాడేటప్పుడు పెదనాయిన మాటలే వాడండి. వీధిలో గుంత తెరిచి వదిలేసినవాళ్ల మీద ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం నిర్లక్ష్యం అనే రాయండి.