లోపాలకు పని చెప్పిన తోట

లండన్‌కు నైరుతిగా, సర్రీ ప్రాంతంలోని కోబమ్ ఊరి పక్కన ఉంది పెయిన్స్‌హిల్. 1738లో చార్లెస్ హామిల్టన్ ఇక్కడ స్థలం సంపాదించడం మొదలుపెట్టేనాటికి అందులో చాలాభాగం పొదలు తప్ప మరేమీ మొలవని ఇసుక బీడు. ఆయన ఆబర్‌కార్న్ ప్రభువు ఆఖరి కొడుకు. వంశం పెద్దదే గాని వాటాకు వచ్చిన ఆస్తి తక్కువ. ఇటలీ చూసొచ్చిన కళ్లతో ఆ బీడులో తోట వేయాలనుకున్నాడు. పొదలు తగలబెట్టించి టర్నిప్ వేయించాడు. దాన్ని మేసే గొర్రెల పెంటతో నేలకు సత్తువ వచ్చాక పచ్చిక చల్లించాడు. ఉన్న లోపాన్నే పనిలోకి దించడం ఆయన పద్ధతి. ద్రాక్షతోటలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

తోట కోసం సరస్సు ఒడ్డున దక్షిణం వైపు వాలిన గుట్టను ఎంచుకున్నాడు. అక్కడిది గులకరాళ్లు కలిసిన ఇసుక నేల. పైరుకు కలిసిరాని ఆ గుణమే తీగకు మేలు చేసింది: నీరు నిలవదు, నేల త్వరగా వేడెక్కుతుంది. నడినెత్తిన ఎండ కాసే మనకు వాలు ఏ దిక్కుకు ఉందన్న పట్టింపు తక్కువ. ఇంగ్లండులో సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి ఒరిగే నడుస్తాడు. ఎండ సూటిగా తగలాలంటే నేలే అటు తిరగాలి. బర్గండీ రకాల నల్లద్రాక్ష రెండు నాటించాడు. ఒకటి రుచిలో మేటి కాని సుకుమారం, రెండోది చలికి తట్టుకునే మొండిది. తోట చూసుకోవడానికి డేవిడ్ జెనెస్ట్‌ను పెట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో మతవేధింపులకు వలసొచ్చిన హ్యూగనో కుటుంబం ఆయనది.

మొదట ఎర్ర వైన్ చేయబోతే గొంతు పట్టే వగరు వచ్చింది. రంగూ వగరూ తొక్కలోనివి. రసానికి రంగు లేదు. చలిదేశంలో తొక్క పూర్తిగా పండదు. అందుకని ఆ తర్వాత పళ్లు తెచ్చిన వెంటనే పిండించి, తొక్కతో నాననివ్వకుండా రసం వేరు చేయించాడు. నల్లద్రాక్ష నుంచి తెల్లని వైన్ వచ్చింది. తీగలు ముదిరే కొద్దీ అది గ్లాసులో నురుగు కట్టి షాంపేన్‌లా మెరిసిందని ఆయనే రాసుకున్నాడు. పీపా యాభై గినీలకు అమ్మిన రోజులున్నాయి. సొంత దేశపు సరుకంటే జనానికి చిన్నచూపని ఎరిగినవాడు కనుక, తాగి తీర్పు చెప్పాకే అది ఎక్కడిదో బయటపెట్టేవాడు.

ఈ తోట చూపుకు కూడా పనికొచ్చేలా కూర్చాడు. గుట్ట దిగువన శిథిలమైన మఠం ఒకటి నిలబడి ఉంటుంది. అది కూలిన మఠం కాదు, 1772లో కూలినట్టుగానే కట్టించినది. అక్కడ పెట్టిన పెంకుల బట్టీ నష్టపోతే, ఆ చోటు కప్పడానికి ఇటుకతో లేపి, రాయిలా కనిపించేలా పైన పూత పూయించాడు. సరస్సు విస్తీర్ణం 14 ఎకరాలు. మోల్ నది దాని కంటే దిగువన పారుతుంది. నీటిని చక్రంతో పైకి ఎత్తించాడు. వంపులూ లంకలూ ఉండటంతో ఏ ఒడ్డున నిలబడినా సరస్సు మొత్తం కనబడదు, అందుకే ఉన్నదానికంటే పెద్దదనిపిస్తుంది. లంక మీది గుహలో మన బొర్రా గుహల్లో లాగా పైకప్పు నుంచి ఊడలు వేలాడతాయి. అయితే ఇవి తలకిందులుగా బిగించిన చెక్క శంకువులు. వాటికి సున్నం మెత్తి, కాల్సైట్, జిప్సం, క్వార్ట్జ్ పలుకులు అద్దారు. నీటి మీది వెలుగు తగిలితే లోపలంతా తళుకే.

హామిల్టన్ పనిలోకి దించలేకపోయిన లోపం ఒక్కటే, చేతిలో డబ్బు లేకపోవడం. అప్పులు పెరిగి 1773లో ఎస్టేటు అమ్ముకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో అది ముక్కలై అడవి పట్టింది. 1980లో స్థానిక ఎల్మ్‌బ్రిడ్జ్ కౌన్సిల్ 158 ఎకరాలు కొంది. మరుసటి ఏడాది ఏర్పడిన ట్రస్టు పాత పటాలూ తవ్వకాల ఆధారాలూ చూసుకుంటూ పునరుద్ధరణకు దిగింది. అదే వాలు మీద మళ్లీ ద్రాక్ష నాటారు.

ఈనాడు ఇంగ్లండు పేరు తెచ్చుకున్నది మెరిసే వైన్‌కే. అక్కడ ఎక్కువగా సాగయ్యే మూడు రకాల్లో పినో న్వార్, మునియే ఉన్నాయి. హామిల్టన్ నాటించిన జంట అదే. యంత్రాలూ వాతావరణ లెక్కలూ లేని కాలంలో, మట్టినీ తొక్కనీ పరీక్షగా చూసి ఆయన చేసిన ఎంపికను రెండు శతాబ్దాల తర్వాతి రైతులు కూడా మార్చనక్కర్లేకపోయింది.