వాణిజ్య వాస్తవ ప్రదర్శనలో కనిపించని మదుపరి: ‘షార్క్ ట్యాంక్’ పరిశీలన

జపాన్‌లో 2001లో మొదలైన ‘మనీ టైగర్స్’ నమూనా బ్రిటన్ మీదుగా ప్రయాణించి 2009లో అమెరికాలో ‘షార్క్ ట్యాంక్’గా స్థిరపడింది. ఈ వాస్తవ ప్రదర్శనపై (‘వాస్తవ’ అనే విశేషణాన్ని ఇక్కడ మన్నించాలి) వచ్చే విమర్శ తరచుగా మదుపరుల మాటతీరు దగ్గరే ఆగిపోతుంది. అసలు చదవవలసింది ఒప్పంద పత్రాన్ని. తొలి సంవత్సరాలలో, పాల్గొనే వ్యాపారి తన సంస్థలో 5 శాతం వాటాను గాని, లాభాలలో 2 శాతాన్ని గాని కోరే హక్కును నిర్మాణ పక్షానికి రాసివ్వవలసి ఉండేది. పెట్టుబడి దొరికినా, రిక్తహస్తాలతో వెనుదిరిగినా ఈ షరతు వర్తించేది. ఐదు కుర్చీలలోని వారు గీచి గీచి బేరమాడుతుండగా, ఏ కుర్చీలోనూ లేని ఆరవ మదుపరి బేరమే లేకుండా వాటాపై హక్కు పొందాడన్నమాట. మదుపరులలో ఒకరైన మార్క్ క్యూబన్ పట్టుబట్టిన మీదట 2013లో దీనిని తొలగించారు.

కథన నిర్మాణంలోనూ ఇదే అసమానత కనిపిస్తుంది. సుమారు గంటసేపు సాగే సంభాషణ కూర్పులో పది నిమిషాలకు కుదించుకుపోతుంది. ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో నిర్ణయించేది వ్యాపారి కాదు. లెక్కల చర్చ తరిగిపోయి కన్నీరు, కరచాలనం మిగులుతాయి. ఆ కరచాలనానికి ఒప్పంద ప్రతిపత్తి లేదు. చిత్రీకరణ తరువాత పద్దుల తనిఖీ జరుగుతుంది. అక్కడ షరతులు మారవచ్చు, కొన్ని బేరాలు వీగిపోతాయి కూడా. ప్రేక్షకుడు ముగింపుగా స్వీకరించేది వ్యాపారికి నిరీక్షణకు ఆరంభం. తెలుగులో 2023లో ఆహా వేదికపై వచ్చిన ‘నేను సూపర్ ఉమెన్’ను పరిశోధించేవారు తెరపై సంభాషణతోపాటు ఈ దశలను కూడా పాఠ్యంలో భాగంగా గ్రహించవలసి ఉంటుంది.