అత్తయ్యగారి నోటుబుక్కూ, ముద్దుపళని పద్యాలూ

పాత పుస్తకాలు ఎవరికైనా ఇవ్వాలంటే మనకో పద్ధతుంది. దులుపుతాం, తుడుస్తాం, లోపల దాచిన కాగితాలన్నీ తీసేస్తాం. అట్ట బాగున్నవి ఇటు, ఊడినవి పాత పేపర్లవాడికి అటు. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు చేసి మరీ పంపుతాం. మొన్నమొన్నటిదాకా నేనూ అదే మర్యాద అనుకున్నాను.

క్రిందటేడు అత్తయ్యగారు పోయాక, అటకమీది ట్రంకుపెట్టె దింపించాం. వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, వరసగా పెట్టి బైండు చేయించుకున్నవి పద్నాలుగు. వాటి అడుగున ఆవిడ వంటల నోటుబుక్కు. స్త్రీల గ్రంథాలయం ఒకటుందంటే ఫోను చేశాను. అక్కడావిడ అన్న మొదటిమాట, "ఏదీ తీసెయ్యకండమ్మా. కాగితం ముక్కయినా సరే, ఎక్కడున్నది అక్కడే ఉంచి తీసుకురండి" అని. సీరియలు పేజీకి వెనకవైపు పాఠకుల ఉత్తరాలూ, ప్రకటనలూ ఉంటే మరీ మంచిదట! తలనూనె ప్రకటనలు దాచుకునే లైబ్రరీ ఏమిటా అని నవ్వుకున్నాను.

నోటుబుక్కు తిరగేశాక ఆ నవ్వు కాస్తా పోయింది. ముందువైపు మాగాయ, చక్కిలాలు, బాలింత కారం. వెనకనించి తిప్పితే ఇంటి పద్దులు. 1961 జూన్ నెల పద్దులో పాలు, కిరసనాయిలు, చాకలి, ఆ తర్వాత "గాజుల జత అమ్మకం – మరిదిగారి కాలేజీ ఫీజు". దానికింద సన్నటి అక్షరాలతో, "అడగలేదు. తీసుకున్నారు."

అంతే. ఇంకేం లేదు. ఆ మరిదిగారు ఇప్పుడు మా ఇంటికి పెద్దదిక్కు. "ఆ పేజీ తీసేసి ఇవ్వు, నలుగురిలో బావుండదు" అన్నారు మావారు. నిజం చెప్పొద్దూ, నేను కత్తెర తీసుకున్నాను కూడా.

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది ముద్దుపళని.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి ఆమె. 'రాధికా సాంత్వనము' ఆమె కావ్యం. ఇళని చేతులారా ముస్తాబు చేసి కృష్ణుడికి అప్పగించేది రాధే. ఆ తర్వాత అసూయతో కుమిలిపోయేదీ రాధే. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలుకోవాలి. శృంగారం దండిగా ఉంది, కాదనను. కానీ నాకు అందులో గొప్పగా తోచింది రాధ కోపం. మనసులో బాధ పెట్టుకుని పైకి పెద్దరికం నటించిన ఆడదానికే తెలిసే కోపం అది.

ఈ పుస్తకానికి పట్టిన గతి చూడండి. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు ఎత్తేశారు. పోనీ, అవి పచ్చిగా ఉన్నాయనుకుందాం. కవయిత్రి తన గురించీ, తన వంశం గురించీ చెప్పుకున్న పీఠిక కూడా ఎత్తేశారే! అందులో పచ్చిదనం ఏముంది? ఆమె వేశ్యాకులంలో పుట్టిందన్న సంగతి తప్ప! కందుకూరి వీరేశలింగం గారంతటివారు, వితంతువుల కోసం ఊరంతటినీ ఎదిరించినవారు, ఈ పద్యాలు ఆడవాళ్ళు వినదగ్గవి కావన్నారు. చెడ్డవాళ్ళు చింపితే పోట్లాడచ్చు. మంచివాళ్ళు మన మర్యాద కోసమే చింపుతున్నామంటే ఏం చేస్తాం?

బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. వ్రాతప్రతి సంపాదించారు, అచ్చుప్రతితో పోల్చి చూశారు, పోయినవన్నీ చేర్చి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించారు. మగకవులు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే ఎలా వచ్చిందని అడిగారు. 1911లో ప్రభుత్వం అశ్లీలమంది, పుస్తకాలు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం గారి హయాంలో, 1947లో గాని నిషేధం తొలగలేదు.

నన్నడిగితే ఈ కథలో అసలు నాయిక ఆ వ్రాతప్రతి. ఎవరో, ఎక్కడో, కత్తెర పెట్టకుండా దాచారు. వాళ్ళే మర్యాదకి పోయి ఉంటే నాగరత్నమ్మ గారు మాత్రం ఏ ఆధారంతో నిలబడేవారు?

అంచేత స్త్రీల గ్రంథాలయాలు మన దగ్గర అడిగేది అట్ట బాగున్న నవలలు మాత్రమే కాదు. హైదరాబాదులో 1985లో మొదలైన అన్వేషి, బొంబాయిలో 1988లో అంబై మొదలైనవారు పెట్టిన స్పారో లాంటివి పుట్టింది అందుకే. స్పారోవాళ్ళు ఆడవాళ్ళ మాటలు, ఫోటోలు కూడా పోగుచేశారు. అమెరికాలో ష్లెసింగర్ గ్రంథాలయం 1943లో ఒకావిడ తన ఓటుహక్కు ఉద్యమపు కాగితాలు ఇస్తే మొదలైంది. ఇప్పుడక్కడ వంటల పుస్తకాలే వేలున్నాయి. మాగాయ కొలత కూడా చరిత్రేనన్నమాట!

అయితే మన ఇళ్ళ లోగుట్టు ఊరందరికీ పంచాలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. బతికున్నవాళ్ళ మనసు కూడా చూడాలి. ఆ గ్రంథాలయం ఆవిడనే అడిగాను. దానికీ దారుందిట. "ఫలానా సంవత్సరం దాకా ఎవరికీ చూపించవద్దు" అని కాగితం రాసిస్తే, కవరులో పెట్టి సీలు వేసి ఉంచుతారుట. దాచడం వేరు, చింపడం వేరు. దాచినది ఎప్పటికైనా తెరుచుకుంటుంది.

మావారితో ఆ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కు అడిగి తీసుకుని, ఆ పేజీ ఆయనే మళ్ళీ చదివారు. "అమ్మ చేతులకి గాజులెందుకు లేవో నాకు ఇన్నాళ్ళూ తెలీదు" అన్నారు.

ఇరవై ఏళ్ళ గడువు పెట్టి, నోటుబుక్కు పూర్తిగా ఇచ్చేశాం. కత్తెర మళ్ళీ కుట్టుమిషను సొరుగులోకి వెళ్ళింది.